రెండో బటన్ ఎవరికి

పోయిన వారం మేనకోడలిని మెట్ల మధ్యలో, పళ్లు నూరుకుంటూ ఉండగా వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. ఆవిడ పైకి చేరేలోగా సంగతి ఒకసారి గుర్తుచేసుకుందాం. ఒంటరిగా ఉండే మేనత్త బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి, మా ఇంట్లో వెనకగది ఖాళీ చేయించాను, వచ్చెయ్ అని మేనల్లుడు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. నా తలుపు నేనే తీసుకుంటాను, నేనే వేసుకుంటాను అని అత్త ససేమిరా అంది. మధ్యలో అతని అక్క, మన మేనకోడలు, దూరి ఒక రాజీ కుదిర్చింది. పడినా, ఆయాసం వచ్చినా, నొక్కగానే మనుషుల్ని పిలిచే అలారం ఒకటి పెట్టించుకుంటే అత్త తన ఇంట్లోనే ఉండొచ్చు. లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఆ గడువు ఇవాళ సాయంత్రంతో తీరిపోతుంది.

అలారం ఎంచుకోవడం అంత బ్రహ్మవిద్యేం కాదనుకుంది మేనకోడలు. కళ్లద్దాల షాపు నడిపే మనిషి. ఎవరి ముక్కుకు ఏ ఫ్రేము నప్పుతుందో వాళ్లు గుమ్మంలో ఉండగానే చెప్పేస్తుంది. అత్త దగ్గర ఆ పప్పులేమీ ఉడకలేదు. మనిషి పడితే తనంతట తానే గుర్తుపట్టే చేతి గడియారం తెచ్చింది. అత్త బల్లమీద గుడ్డ పరిచి చేత్తో చరిచినప్పుడల్లా అది పడిపోయారా, పడిపోయారా అని ఇల్లెగరగొట్టింది. బాత్రూం గోడకు తాడు వేలాడదీసే రకం చూపిస్తే, తాడు ఉన్నచోటే పడాలని నాకు రాసిపెట్టి ఉందా అని అడిగింది. మేనల్లుడు తెచ్చిన కెమెరాకు దిండు గలీబు తొడిగింది. చివరికి మెడలో బటన్, బల్లమీద పెట్టె ఉండే రకం దగ్గర బేరం ఆగింది. నీళ్లలో తడిసినా పాడవదు, వాచిన బొటనవేలితో మెల్లిగా నొక్కినా పలుకుతుంది. హమ్మయ్య అనుకునేలోపల అత్త ఒక మెలిక పెట్టింది. బటన్లు రెండు కావాలంది. ఒంటరి మనిషికి రెండెందుకంటే, ఒకటి ఎక్కడో పెట్టి మరిచిపోతే ఇంకోటి ఉంటుందిలే అంది. మేనకోడలు నమ్మింది. నమ్మడం ఆవిడకు పెద్దగా అలవాటు లేదు, అందుకే బొత్తిగా మోసపోయింది.

ఇవాళ మధ్యాహ్నం అలారం అమర్చడానికి వచ్చినతను, బండిలో మరిచిపోయిన వైరు కోసం కిందికి దిగి వీధి తలుపు దగ్గర ఆవిడకు ఎదురయ్యాడు. రెండో బటన్ ఇందాకే కింద ఇంట్లో పెద్దావిడకు ఇచ్చేశానండీ, ఆవిడ ఇంటి తాళంచెవి కూడా తెచ్చి మీ అత్తగారికి ఇచ్చాను అని, శుభవార్తలా చెప్పాడు. మేనకోడలు పళ్లు నూరడం మొదలైంది అక్కడే.

"కింద ఇంట్లో ఎవరు?" అని గుమ్మంలోంచే అడిగింది.

అత్త కుట్టుమిషను దగ్గర కుర్చీలో ఉంది. ఒళ్లో ఎవరిదో పాత చొక్కా, వేళ్ల మధ్య సూది. జీవితమంతా ఆసుపత్రి నర్సులకు యూనిఫారాలు కత్తిరించిన చేతులవి. ఇప్పుడు కణుపులు వాచి అల్లం కొమ్ముల్లా అయ్యాయి గానీ ఊరికే మాత్రం ఉండవు. కుట్టుమిషను పక్కన బల్లమీద అలారం పెట్టె తెల్లగా, బుద్ధిమంతుడిలా కూర్చుంది. మేనల్లుడు సోఫాలో ఒక చివర కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అతనికి సరుకు రవాణా ఆఫీసు ఉంది. లారీల వాళ్లమీద పొద్దంతా అరిచి అరిచి, ఇంటికొస్తే గొంతు పొదుపుగా వాడతాడు.

ఇల్లన్నాక ఎవరో ఒకరుంటారు, ఖాళీగా పెట్టుకుంటారా అంది అత్త. టీ పెట్టుకుని తాగమంది. చెప్పులు బయట విడవమంది. మేనకోడలు చెప్పులు విడవలేదు, టీ పెట్టుకోలేదు. వెనకాలే వైరు పట్టుకుని వచ్చిన అలారం అతను ఇద్దరి మధ్యనుంచి ఎలా దూరాలో తెలియక గుమ్మం బయటే నిలబడ్డాడు. ఒక్క పెట్టెకు రెండు బటన్లు పనిచేస్తాయండీ, కింది అంతస్తుకు కూడా అందుతుందో లేదో ఇప్పుడు నొక్కి చూడాలి, అంతవరకు ఆవిడను నొక్కొద్దన్నాను అని తన గోడు తాను చెప్పుకున్నాడు.

"అత్తా, నిన్నే అడుగుతున్నాను. ఎవరావిడ?"

అత్త దారం పంటితో తెంపింది. "అది" అంది.

ఆ కుటుంబంలో ఆ ఒక్క మాట చాలు. ఇన్నేళ్లలో ఆ మనిషి పేరు పలికిన పాపాన ఎవరూ పోలేదు. అత్త మొగుడికి ఫొటో స్టూడియో ఉండేది. అందులో ఫొటోల మీద సన్నటి బ్రష్షుతో మచ్చలు దిద్దే పనికి ఒకమ్మాయి చేరింది. మచ్చలన్నీ దిద్ది దిద్ది చివరికి కాపురానికే మచ్చ పెట్టింది. మావయ్య కట్టుబట్టలతో స్టూడియో పైగదికి మారిపోయాడు, మళ్లీ ఇంటి గడప తొక్కలేదు, చచ్చేదాకా అక్కడే ఉన్నాడు. అత్త అప్పుడు తిండి మానేసింది. నిద్ర మానేసింది. ఒకరోజు నిద్రమాత్రల సీసా ఆవిడ దిండు కింద దొరికింది. పెద్దవాళ్లు ఆలోచించి, బడికి పోయే ఈ మేనకోడలిని తెచ్చి అత్త దగ్గర పడుకోబెట్టారు. పిల్ల పక్కనుంటే ఏ అఘాయిత్యమూ చెయ్యదని వాళ్ల నమ్మకం. ఆ పిల్లకు నిద్ర పట్టేదో లేదో ఎవరూ అడగలేదు.

మేనకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. దానితోపాటు ఇంకోటి గుర్తొచ్చి మరీ మండింది. కింద ఇంటి ముసలమ్మను ఆవిడ చూసింది. చేతికర్రతో, తల వంచుకుని లోపలికి వస్తుంటే వీధి తలుపు పట్టుకుని నిలబడింది కూడా. జాగ్రత్త అమ్మా, మెట్టుంది అని చెప్పింది. ఆ ముసలమ్మ మొహం పక్కకు తిప్పుకుని లోపలికి వెళ్లిపోతే, పాపం చెవుడు కాబోలు అనుకుంది. ఆ జాలి ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంది.

"దాని ఫొటోలన్నీ కత్తెరతో ముక్కలు చేశావు. ఆ ముక్కలు ఊడ్చింది నేను. ఇప్పుడు దాని మెడలో బటన్ వేలాడదీస్తావా? సిగ్గుండాలి అత్తా."

"ఊడ్చావు. నేను కాదన్నానా?"

"దానిమీద అంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చింది?"

ప్రేమ అన్న మాట విని అత్త నవ్వింది. ఆ నవ్వులో తీపి లేదు. దాని మొహం చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుందంది. ఇల్లు దొరక్క వచ్చింది, నేనిక్కడున్నానని తెలిసే వచ్చింది, ఎందుకొచ్చావని నేనడగలేదు, అదీ చెప్పలేదు అంది. "ఇష్టమైన వాళ్లకే బటన్ ఇవ్వాలంటే నీ తమ్ముడికి ఎవరిస్తారే?" అని ముక్తాయించింది.

తమ్ముడు ఫోను పక్కన పెట్టాడు. అందరూ విన్నారు కదా, అత్త మతి సరిగా లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి అన్నాడు. మొగుణ్ణి లాక్కున్నదాన్ని పిలిచి కింద కాపురం పెట్టించిన మనిషిని ఒంటరిగా వదిలితే రేపు ఇంకేం చేస్తుందో అన్నాడు. అలారం అతనితో, ఆ పెట్టె పీకేసి తీసుకుపో, ఇవాళే మా ఇంటికి తీసుకెళ్తున్నాం అన్నాడు. అలారం అతను వైరు చుట్టాలో విప్పాలో తెలియక మేనకోడలి వంక చూశాడు. మేనకోడలు ఆగమనలేదు. ఆ క్షణంలో ఆవిడకూ అదే న్యాయంగా తోచింది.

అత్త సూదిని చొక్కాకు గుచ్చి, చొక్కా మడిచి పక్కన పెట్టింది. అందాకా ఆడిన వెటకారం ఆ మొహంలోంచి దిగిపోయింది. పెట్టె ముట్టుకుంటే ఊరుకోనని అలారం అతన్ని ఒక్క చూపు చూసి, మేనకోడలివైపు తిరిగింది.

"నేను పడినరోజు నన్ను చూసింది పైపులు మార్చేవాళ్లని చెప్పాను కదా. కాదు. అది. మోకాళ్లు పట్టేసిన మనిషి, గోడ పట్టుకుని పాక్కుంటూ మెట్లెక్కింది. అంబులెన్సుకు ఫోను చేసింది అదే. నా తల దాని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాకు ఎంత అసహ్యం వేసిందో నీకు చెప్పలేను. అయినా పెట్టుకోనిచ్చాను."

తరవాత అత్త చెప్పిన సంగతి మేనకోడలు జన్మలో ఊహించనిది. ఆరోజు దాకా ఆ ఇద్దరూ ఇన్నేళ్లలో ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. నీ మెట్లెక్కనని అదీ, నీ గడప తొక్కనని ఇదీ. కానీ పైనుంచి కిందిదాకా ఒకే నీళ్ల పైపు, ఇనపది. అత్త పొద్దున లేవగానే గరిటెతో ఆ పైపు మీద ఒక దెబ్బ వేసేది. కింద నుంచి జవాబుగా ఒక దెబ్బ వినపడేది. ఒకరోజు కోపంలో మొదలైంది, కింద నీళ్లు ఎక్కువ తిప్పేస్తోందని. తరవాత అదే అలవాటైంది. ఇద్దరూ బతికే ఉన్నారని ఇద్దరికీ తెలిసేది. అంతకు మించి తెలుసుకోవాలని ఎవరికీ లేదు. ఇంతలో ఇంటి యజమాని ఇనప పైపులు పీకించి ప్లాస్టిక్‌వి వేయించాడు. ప్లాస్టిక్ ఎంత కొట్టినా మూగనోము పట్టినట్టు ఉంటుంది. అత్త పడింది ఆ వారంలోనే.

"పైపు ఉంటే నాకు నీ అలారాలేవీ అక్కర్లేదు" అంది అత్త. "పైపు పోయింది. అందుకే రెండు బటన్లు."

"మన మాటలు కిందికి వినపడతాయా?" అని అడిగాడు తమ్ముడు.

ఆ ప్రశ్న ఎందుకో మేనకోడలికి అర్థం కాలేదు. మాటలు అంతగా వినపడవు, నడిస్తే వినపడుతుంది అని అత్త అతని వైపు చూడకుండానే చెప్పింది. అతను సోఫాలోంచి లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

మేనకోడలికి అవేవీ పట్టలేదు. ఆవిడ మనసంతా ఆ తల, ఆ ఒడి దగ్గరే ఉంది. ఏడుపొస్తోంది, ఆ ఏడుపు రానివ్వకూడదని ఇంకా గట్టిగా కోపం తెచ్చుకుంది.

"ఆ ఏడాదంతా నీకు అలారం నేనే అత్తా. నువ్వు పక్కమీద దొర్లితే లేచి కూర్చునేదాన్ని. బాత్రూంకు వెళ్తే తలుపు బయట నిలబడి నీళ్ల చప్పుడు వినేదాన్ని. చప్పుడు ఆగితే నా ప్రాణం ఆగిపోయేది. అదంతా ఎవరివల్ల? దానివల్ల. దాన్ని చూసుకోవడానికి నన్ను మళ్లీ పిలుస్తావా?"

"పిలుస్తాను" అంది అత్త. "రెండు బటన్లకూ మొదటి నంబరు నీదే ఇచ్చాను. నాదానికీ, దానిదానికీ."

నన్నడక్కుండానా అని మేనకోడలు, నా నంబరు ఎందుకివ్వలేదని కిటికీ దగ్గర్నుంచి తమ్ముడు, ఇద్దరూ ఒకేసారి విరుచుకుపడ్డారు. అత్త మేనకోడలి వైపే చూసింది.

"నువ్వు తిడుతూ వస్తావు. చెప్పులు విడవకుండా వస్తావు. కానీ వస్తావు. నాకు తెలిసి పిలిస్తే వచ్చేదానివి నువ్వొక్కదానివే. దానికి ఆమాత్రం కూడా ఎవరూ లేరు."

"నేను రాను. అది ఆ నేలమీద పడి ఉన్నా రాను. రాసిపెట్టుకో."

మాట ఇంకా నోట్లోనే ఉంది. బల్లమీద పెట్టె ఎర్రగా వెలిగి కీచుమంది. ఒక ఆడగొంతు, తీరిగ్గా, మర్యాదగా, రెండో బటన్ నొక్కారు, ఏమైనా ఇబ్బందా అని అడిగింది. అత్త చేయి చటుక్కున తన మెడ దగ్గరికి వెళ్లింది. అక్కడున్నది మొదటి బటన్. పెట్టె మళ్లీ అడిగింది. నేను కాదమ్మా, కిందావిడ, కింద ఇంటికి నీ గొంతు వినపడదు అని అత్త పెట్టెకేసి అరిచింది. సరేనండీ, మొదటి నంబరుకు ఫోను చేస్తున్నాం అంది ఆ గొంతు. మరుక్షణం మేనకోడలి సంచిలో ఫోను మోగింది.

ఇదంతా నాటకమనుకుంది మేనకోడలు. తనను కిందికి దింపడానికి ఇద్దరు ముసలివాళ్లూ కూడబలుక్కుని ఆడుతున్న నాటకం. ఆ మాట అనబోయి అత్త మొహం చూసి ఆగింది. అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. కర్ర అందుకుని లేవబోయింది, తుంటి సహకరించలేదు, మళ్లీ కుర్చీలో పడింది. పరీక్ష అయ్యేదాకా నొక్కొద్దని నేను చెప్పాను, ఆవిడ విన్నారు కూడా అని అలారం అతను గొణిగాడు. అత్త కుట్టుమిషను సొరుగు లాగి తాళంచెవి తీసి చేయి చాచింది.

మేనకోడలు తాళంచెవి తీసుకోలేదు, లాక్కుంది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని మెట్లు దిగింది. వెనకాలే అలారం అతను దిగాడు. మీరు వెళ్తున్నారాండీ, ఆవిడ మీకేమవుతారు అని ఫోనులో గొంతు అడిగింది. ఏమీ కాదు, వెళ్తున్నాను అని కసిరింది మేనకోడలు. నేలమీద ఆ మనిషి ఎలా పడి ఉంటుందో కళ్లముందు కనిపిస్తోంది. చిన్నప్పుడు బాత్రూం తలుపు బయట నిలబడి ఊహించుకున్నవి కూడా కనిపిస్తున్నాయి. అవి ఏనాటికీ జరగలేదని తనకు తాను చెప్పుకుంటూ తాళం తిప్పింది.

కింది ఇల్లు చీకటిగా, శుభ్రంగా ఉంది. గోడలమీద ఒక్క ఫొటో లేదు. రేడియో లేదు, టీవీ లేదు. గది నడిమధ్యన ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఆవిడ. పడలేదు, మూర్ఛపోలేదు. నిటారుగా కూర్చుని ఉంది. బటన్ పిడికిట్లో ఉంది. ఆ కళ్లు మేనకోడలిని చూడటం లేదు. మెడ ఎత్తి పైకప్పును చూస్తున్నాయి.

మేనకోడలు ఫోను పెట్టేసింది. ఆయాసం, భయం, కోపం మూడూ కలిసి తోసుకొచ్చాయి. మా అత్త బతుకు నాశనం చేసింది చాలదా, ఇప్పుడు ఈ వేషాలేమిటి, పైన ఆవిడ గుండె ఆగిపోయేది అని దులిపేసింది. ఆవిడ అంతా విన్నది. ఒక్కదానికీ కాదనలేదు.

"తిట్టు అమ్మాయ్. తరవాత తీరిగ్గా తిట్టు. ముందు ఇది విను" అంది. "నన్నెవరికీ చెప్పొద్దని మీ అత్త ఒట్టేయించుకుంది. నేనామెకు చేసిన ద్రోహానికి ఈ ఒక్క ఒట్టయినా నిలుపుకుందామనుకున్నాను. ఇందాక పైన చప్పుడు విన్నాక నావల్ల కాలేదు. నిన్ను పిలవడానికి నాకు ఈ బటన్ తప్ప దారి లేదు."

"ఏం చప్పుడు?"

"మీ అత్త ఆరోజు కాలుజారి పడలేదు. ఇంట్లో ఇంకొకరున్నారు. ఇన్నేళ్లుగా నేను వింటున్నది ఆమె అడుగులే, వేరే అడుగు పడితే నాకు తెలియదా? కుర్చీ ఈడ్చిన చప్పుడు. బాత్రూం గుమ్మం దాకా ఏదో గుంజుకున్నారు. ధబ్బున పడింది. ఆ అడుగులు గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాయి. నేను పైకి వెళ్లేసరికి తలుపు బార్లా తీసి ఉంది. తోశాడో, గుంజులాటలో పడిందో నేను చూడలేదు. విన్నాను. ఎవరని అడిగితే ఆమె చెప్పలేదు. మా ఇంటి పిల్లలే అంది, ఊరుకోమంది."

ఎవరని అడగడానికి మేనకోడలు నోరు తెరిచింది గానీ, ఆవిడ పిడికిలి ఎత్తి ఆగమని సైగ చేసింది.

పైన ఎవరో నడుస్తున్నారు.

"ఇవే" అంది ఆవిడ, గొంతు బాగా తగ్గించి. "ఆరోజూ ఇవే."

మేనకోడలు తలెత్తి పైకప్పు వంక చూసింది. పైన అత్త కుర్చీలోంచి లేవలేదు. అలారం అతను ఇక్కడే, తన వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ బరువైన అడుగులు కిటికీ దగ్గర మొదలై, కుట్టుమిషను దాటి, అత్త కుర్చీ వైపు వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి.